కోర్టు వార్త రాసేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోర్టు విలేకరి పని గురించే. కొన్ని ఆ పనిలోకి రావాలనుకునేవారివి, కొన్ని ఇప్పటికే ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం ఎడిషన్లకు వార్తలు పంపుతున్నవారివి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. తెలుగు, ఒడియా రెండూ రాయగలను. కోర్టు వార్తలు రాసే విలేకరిని కావాలని ఉంది. లా చదివి తీరాలా? దాని మీద బతకొచ్చా? (ఓ విద్యార్థిని, బరంపురం)

జవాబు: చదివి తీరాలన్న నియమం లేదమ్మా. సుప్రీంకోర్టు గుర్తింపు పొందే విలేకరులకు లా డిగ్రీ ఉండాలన్న షరతు ఒకప్పుడు ఉండేది, 2024 అక్టోబరులో దాన్ని తీసేశారు. జిల్లా కోర్టులో కూర్చోవడానికి అసలు ఏ కార్డూ అక్కర్లేదు. తలుపులు మూసి విచారించే కేసులు తప్ప మిగతావన్నీ బహిరంగ విచారణలే. అందరిలాగే వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు.

అయినా వీలుంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమనే చెబుతాం. మీ ఊళ్లోనే లింగరాజ్ లా కాలేజీ ఉంది. సెక్షన్లు ఎవరైనా పుస్తకం తీసి చూసుకోగలరు. కేసు నడిచే వరస మాత్రం చదువుకున్నవారికి త్వరగా పట్టుబడుతుంది. ఎఫ్‌ఐఆర్, రిమాండ్, చార్జిషీటు, కాగ్నిజెన్స్ (కోర్టు కేసును విచారణకు స్వీకరించడం), అభియోగాల నమోదు, సాక్ష్యం, వాదనలు, తీర్పు, శిక్ష: ఈ రోజు కోర్టులో చూసింది వీటిలో ఏ మెట్టో తెలియని విలేకరి రాసిన వార్త ఎంత చక్కగా ఉన్నా తప్పుడు వార్తే అవుతుంది. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలనుకుంటే ఒక సంగతి చూసుకోండి. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం న్యాయవాది పూర్తికాలం జీతం ఉద్యోగం చేయకూడదు. వ్యాసాలు రాయడానికి, పత్రికా రచనకు 51వ నియమం అనుమతిస్తుంది కానీ ఆ షరతుకు లోబడే. పత్రికలో పూర్తికాలం ఉద్యోగం కావాలంటే నమోదు జోలికి పోకండి.

మొదటి ఆరు నెలలు ఒకే కోర్టు హాలును పట్టుకోండి. సబ్ డివిజనల్ జుడీషియల్ మెజిస్ట్రేట్ కోర్టు అయితే మేలు, రిమాండ్లు, బెయిళ్లు, జామీన్లు అన్నీ అక్కడే కనబడతాయి. ఆ తర్వాత సెషన్స్ కోర్టు. కటక్ హైకోర్టు వార్తలు మూడో మెట్టు. వేసవిలో ఇక్కడి కోర్టులు పొద్దుటి పూటే నడుస్తాయని మరవకండి, పదిన్నరకు వెళ్తే సగం పని అయిపోయి ఉంటుంది.

బతుకు సంగతి దాచకుండా చెబుతాం. కంట్రిబ్యూటర్‌గా లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్ల లెక్క) మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. నిలదొక్కుకోవాలంటే రెండో దారి ఉండాలి. లైవ్‌లా, బార్ అండ్ బెంచ్ లాంటి ఇంగ్లిష్ న్యాయవార్తా సంస్థలకు పనికొచ్చేలా ఇంగ్లిష్‌లో రాయడం ఒకటి, కోర్టు కాగితాల అనువాదం ఇంకొకటి. ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ చదివి చట్టం తెలిసినవారు ఈ సరిహద్దులో చాలా తక్కువ. మీ బలం అదే.

ప్రశ్న: పోలీసుల ప్రెస్ నోట్ తప్ప నాకు వేరే ఆధారం దొరకడం లేదు. వకీళ్లు కాగితాలు చూపించరు. ఎలా? (ఓ కంట్రిబ్యూటర్, పర్లాకిమిడి)

జవాబు: ముందు ఆ కేసు సీఎన్‌ఆర్ నంబరు (కోర్టుల్లో ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) సంపాదించండి. పదహారు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి: రెండు రాష్ట్రానికి, రెండు జిల్లాకు, రెండు కోర్టు సముదాయానికి, ఆరు కేసుకు, చివరి నాలుగు సంవత్సరానికి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా తేదీలు, ఏ దశలో ఉంది, ఎవరి వకీలు ఎవరు, ఎక్కించినంత మేరకు ఉత్తర్వులు అన్నీ కనిపిస్తాయి. నంబరు లేకపోతే కక్షిదారు పేరుతోనో ఎఫ్‌ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు. పేరుతో వెతికినప్పుడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఒక్క తాలూకాలోనే చాలామంది ఉంటారు. పోలీస్ స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం మూడూ కలిస్తేనే అదే కేసని నమ్మండి.

ఆంధ్రా కోర్టుల్లో సీసీ (మెజిస్ట్రేటు కోర్టు కేసు), ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబర్లకు అలవాటు పడినవారికి ఇక్కడి పొట్టి పేర్లు కొత్తగా ఉంటాయి. పోలీసు ఎఫ్‌ఐఆర్ మీద మెజిస్ట్రేటు దగ్గర నడిచేది జీఆర్ కేసు. సెషన్స్‌లో ఎస్‌టీ, అంటే సెషన్స్ ట్రయల్. కటక్ హైకోర్టు జాబితాలో బీఎల్‌ఏపీఎల్ అంటే బెయిలు దరఖాస్తు, ఏబీఎల్‌ఏపీఎల్ అంటే ముందస్తు బెయిలు, సీఆర్‌ఎల్‌ఏ అంటే క్రిమినల్ అప్పీలు, జేసీఆర్‌ఎల్‌ఏ అంటే జైలు నుంచే ఖైదీ వేసుకున్న అప్పీలు. కింది కోర్టులోని కేసును కొట్టేయమని అడిగే పిటిషన్లు సీఆర్‌ఎల్‌ఎంసీ కింద ఉంటాయి.

ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లోగా పోలీసుల వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నిత కేసులకు మినహాయింపు. చార్జిషీటు మాత్రం అలా దొరకదు. అది ప్రజా పత్రం కాదని, వెబ్‌సైట్‌లో పెట్టనక్కర్లేదని అదే కోర్టు 2023 జనవరిలో తేల్చింది. కేసులో కక్షిదారు కానివారు కూడా కారణం చూపి కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ కోర్టు ఇష్టం. సమాచార హక్కు కింద అడుగుతామంటే కుదరదు. కోర్టు రికార్డు కావాలంటే కోర్టు నియమాల దారినే రావాలని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వకీళ్ల సంగతికొస్తే, మీరు ఒక పక్షం వకీలునే అడుగుతున్నారేమో చూసుకోండి. ఇరుపక్షాల దగ్గరికీ, ప్రభుత్వ ప్లీడరు దగ్గరికీ వెళ్లండి. వార్త కావాలని కాకుండా ‘ఈ నంబరు సరైనదేనా, సెక్షన్లు ఇవేనా’ అని అడగండి. పేరు ప్రచారం కోరే వకీలు చెప్పిన కథ ఉత్తర్వులో లేకపోతే పక్కన పెట్టేయండి.

ఉత్తర్వు చేతికొచ్చాక చివరి పేరా ముందు చదవండి. కోర్టు చేసిన పని అక్కడ ఉంటుంది, పైన ఉన్నదంతా ఇరుపక్షాల వాదన, కారణాలు. ‘నోటీసు జారీ’ అంటే అవతలి వారిని జవాబు చెప్పమనడమే, పిటిషనరు మాటకు కోర్టు ఒప్పుకున్నట్టు కాదు. ‘డిస్పోజ్డ్’ అని కనబడగానే కొట్టేసిందని రాయకండి, ‘ఆరు వారాల్లో కలెక్టరు నిర్ణయం తీసుకోవాలి’ అని చెప్పి ముగించిన రిట్లు అందులోనే ఉంటాయి. మళ్లీ వేసుకునే వెసులుబాటుతో పిటిషన్ వెనక్కి తీసుకున్నారంటే ఓడిపోయినట్టు కాదు. జడ్జి విచారణ మధ్యలో అన్న మాట ఎంత పదునుగా ఉన్నా అది ఉత్తర్వు కాదు. రాయాలనిపిస్తే ‘విచారణ సందర్భంగా వ్యాఖ్యానించారు’ అని రాసి, ఆ పూట జారీ అయిన ఉత్తర్వులో ఏముందో అదే వార్తలో చెప్పాలి.

ప్రశ్న: మా దగ్గర వారానికి రెండు మూడు గంజాయి కేసులు వస్తాయి. అన్నీ ఒకేలా రాస్తున్నాం: ఇన్ని లక్షల గంజాయి పట్టివేత, ఇంతమంది అరెస్టు. ఇంకేం రాయాలి? (ఇద్దరు విలేకరులు, జయపురం, మల్కన్‌గిరి)

జవాబు: ఎన్ని లక్షలన్న మాట ముందు తీసేయండి. గంజాయి ధర ఎంతన్నది శిక్షకు సంబంధం లేని విషయం. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం బరువు చూస్తుంది. కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు. కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, జరిమానా లక్షకు తగ్గదు. కాబట్టి 19 కిలోలకూ 21 కిలోలకూ మధ్య తేడా ఒక మనిషి బతుకులో పదేళ్ల తేడా. కొండ మీద మొక్కలు పెంచిన కేసు వేరు. అది 20(ఎ) కిందకు వస్తుంది, పదేళ్ల దాకా శిక్ష, అక్కడ కిలోల లెక్క లేదు.

అందుకే తూకం ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, బస్తాతో వేశారా, బస్తా తీసేసి వేశారా అని అడగండి. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయల కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. కొమ్మలు, ఆకులు కలిపి 22 కిలోలు చూపిన కేసులో డిఫెన్స్ వకీలు మొదట పట్టుకునేది ఇదే. తర్వాత అదే చట్టంలోని 52ఎ సెక్షన్. పట్టుబడ్డ సరుకు జాబితాను మెజిస్ట్రేటు ధ్రువీకరించాలి, నమూనాలు మెజిస్ట్రేటు సమక్షంలో తీయాలి. ఆ తేదీ, పరీక్షశాలకు పంపిన తేదీ, మాల్‌ఖానాలో (పట్టుబడ్డ సరుకు భద్రపరిచే గదిలో) అది ఎవరి అధీనంలో ఉందన్న వివరం నోట్సులో రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత తీర్పు వచ్చిన రోజున వాటితోనే పని పడుతుంది.

50వ సెక్షన్ గురించి తప్పు రాతలు చాలా వస్తున్నాయి. గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట సోదా చేయించుకునే హక్కు ఉందని చెప్పాల్సింది ఒంటి మీద సోదా చేసేటప్పుడు. చేతిసంచికి, వాహనానికి ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆటో డిక్కీలో దొరికిన కేసులో ఆ సెక్షన్ పాటించలేదని రాస్తే అర్థం లేదు.

బెయిలు వార్త ఇంకా జాగ్రత్తగా రాయాలి. వాణిజ్య పరిమాణం ఉన్న కేసులో 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉందని, బయట ఉంటే మళ్లీ నేరం చేయడని కోర్టు తృప్తి పడాలి. ఆ కేసుల్లో దర్యాప్తు గడువు 180 రోజులు. ప్రభుత్వ ప్లీడరు నివేదిక ఇస్తే ఏడాది దాకా పొడిగించవచ్చు. గడువులో చార్జిషీటు పడక వచ్చిన బెయిలు దర్యాప్తు వైఫల్యం మీద వచ్చింది, నేరం మీద కోర్టు ఏమీ చెప్పలేదు. ఈ రెండు బెయిళ్లకూ ఒకే శీర్షిక పెట్టడం పాఠకుణ్ని తప్పుదోవ పట్టించడమే.

‘విచారణలో నేరం అంగీకరించాడు’ అన్న వాక్యం మానేయండి. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఎన్‌డీపీఎస్ 67వ సెక్షన్ కింద అధికారికిచ్చిన వాంగ్మూలమూ ఒప్పుకోలుగా చెల్లదని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో తేల్చింది. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మాట ప్రతి ఆరోపణకూ ముందు ఉండాలి. నిందితులను వరసగా నిలబెట్టి తీసిన ఫొటో వేయకపోవడమే మంచిది. రేపు గుర్తింపు పరేడ్ ఉంటే ఆ ఫొటోయే కేసును దెబ్బ తీస్తుంది. పైగా మూటలు మోసేవాళ్లలో చాలామంది రోజు కూలీకి దిగిన కుర్రాళ్లు. వారి తరఫు ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టరు.

ఇంకొక్కటి. సాక్షులు కోర్టులో అడ్డం తిరిగి కేసు పోయినప్పుడు, లేదా 52ఎ పాటించక నిందితులు నిర్దోషులుగా బయటపడినప్పుడు ‘సాంకేతిక కారణాలతో’ అని ఒక్క మాటలో తేల్చేయకండి. ఏ సెక్షన్, ఏ అధికారి చేయాల్సిన పని, ఎందుకు చేయలేదని కోర్టు అన్నది రాయండి. తర్వాతి కేసులో ఆ పని సరిగ్గా జరగడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: పిల్లలపై అఘాయిత్యాల కేసుల్లో పేరు రాయం. ఊరి పేరు రాయొచ్చా? (ఓ మహిళా విలేకరి, రాయగడ)

జవాబు: చిన్న ఊరైతే రాయొద్దు. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సోలోని 23వ సెక్షన్ పేరుతో ఆగదు. చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టడానికి దారితీసే ఏదైనా నిషిద్ధమే. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా. బాల నేరస్థుల, బాల బాధితుల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74 కింద ఆరు నెలలు, రెండు లక్షల దాకా జరిమానా. పెద్దవారైన అత్యాచార బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, రెండేళ్ల దాకా. బాధితురాలు మరణించినా, తల్లిదండ్రులు ఒప్పుకున్నా పేరు వేయకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

నలభై గడపల ఊరి పేరు, పాప వయసు, తరగతి రాస్తే పేరు రాసినట్టే. నిందితుడు తండ్రో, మేనమామో అయితే అతని పేరు కూడా వద్దు. బ్లాకు పేరుతో ఆపేయండి. మన ప్రాంతంలో తప్పు ఎక్కువగా డెస్కులో జరుగుతుంది. మీరు ఊరు తీసేసి పంపితే, అక్కడ ఎవరో పోలీసు నోట్ చూసి డేట్‌లైన్‌లో కలుపుతారు. అందుకని వార్త పైనే ‘పోక్సో, ఊరు, బంధుత్వం కలపవద్దు’ అని రాసి పంపండి.

ప్రశ్న: సాక్షి సవరలో చెబుతాడు, రాసుకునేది ఒడియాలో, మేం వార్త రాసేది తెలుగులో. మాటలు కొటేషన్లలో పెట్టొచ్చా? (గుణుపురం)

జవాబు: పెట్టొద్దు. మీరు విన్నది అనువాదం, రాసేది అనువాదానికి అనువాదం. ‘సాక్షి చెప్పిన సారాంశం’ అని మామూలు వాక్యంలో రాయండి. తేదీలు, దూరాలు, బంధుత్వాలు మూడూ రెండుసార్లు సరిచూసుకోండి, భాషలు మారేటప్పుడు ముందు జారిపోయేవి అవే. నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం ఇస్తే అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే చెప్పాలన్నది చట్టం. దుబాసీ లేకుండా సాగుతుంటే అదే ఒక వార్త. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ఇంగ్లిష్‌లో ఉంటాయి. సుప్రీంకోర్టు తీర్పులకు తెలుగు, ఒడియా అనువాదాలు కొన్ని వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అర్థం చేసుకోవడానికి వాటిని చదవండి, వార్తకు ఇంగ్లిష్ ప్రతినే ఆధారం చేసుకోండి.

ప్రశ్న: కొటియా ఊళ్ల గురించి తెలుగు పత్రిక ఒకలా, ఒడియా పత్రిక ఇంకోలా రాస్తాయి. కోర్టు అసలు ఏం చెప్పింది? (పొట్టంగి వైపు నుంచి ఓ పాఠకుడు)

జవాబు: ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవే అంటున్న ఆ ఊళ్లు ఏ రాష్ట్రానివో సుప్రీంకోర్టు తేల్చలేదు. ఒడిశా 1968లో వేసిన దావా 2006లో హక్కు తేలకుండానే ముగిసింది, వివాదం పరిష్కారమయ్యే దాకా యథాతథ స్థితి కొనసాగాలన్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టడంతో ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఏ పక్షం పత్రిక అయినా ‘కోర్టు మనకిచ్చింది’ అని రాస్తే నమ్మకండి. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల కేసు కూడా అంతే. 2013 ఏప్రిల్ తీర్పు తవ్వకాలను నిషేధించిందని ఇప్పటికీ రాస్తున్నారు. ఆ తీర్పు విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది, జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఉండాలంది. కాదన్నది రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు గ్రామసభలు. ఆ ఘనత ఊళ్లకు దక్కాలి.

ఇలాంటిదే భూమి విషయం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి తిరిగి ఇప్పించే కేసు 1956 రెగ్యులేషన్ కింద సబ్ కలెక్టరు దగ్గర నడుస్తుంది. ‘కోర్టు తీర్పు’ అని రాసేముందు సంతకం ఎవరిదో చూడండి.

ప్రశ్న: తీర్పు తప్పని రాస్తే కోర్టు ధిక్కారమా? (ఛత్రపురం)

జవాబు: కాదు. తుది తీర్పు వచ్చిన కేసు మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని 1971 చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. విచారణను ఉన్నదున్నట్టు రాయడాన్ని 4వ సెక్షన్ కాపాడుతుంది, పరువు నష్టం కేసులోనూ కోర్టు విచారణ గురించి సారాంశంలో నిజమైన నివేదికకు మినహాయింపు ఉంది. తీర్పులోని తర్కాన్ని ఎంతైనా విమర్శించండి. ఆధారం లేకుండా జడ్జికి దురుద్దేశం అంటగట్టకండి. శిక్ష ఆరు నెలల దాకా, లేదా రెండు వేల దాకా జరిమానా. అనుమతి లేకుండా కోర్టు హాల్లో ఫోన్‌తో రికార్డు చేయడం, ప్రత్యక్ష ప్రసారాన్ని ముక్కలు చేసి వాట్సాప్‌లో పెట్టడం రెండూ మానుకోండి.

ప్రశ్న: నిర్దోషిగా బయటపడిన ఒకాయన, అరెస్టు నాటి మా పాత వార్త తీసేయమంటున్నాడు. ఏం చేయాలి? (పర్లాకిమిడి)

జవాబు: తీర్పు నకలు అడిగి తీసుకోండి. అన్ని అభియోగాల నుంచీ బయటపడ్డాడా, కొన్నింటి నుంచేనా, ఆ తీర్పు మీద అప్పీలు ఉందా అని ఈ-కోర్ట్స్‌లో చూడండి. ఆపై అరెస్టు వార్త ఏ పేజీలో, ఎంత చోటులో వేశారో, తీర్పు వార్త కూడా అదే పేజీలో, అంతే చోటులో వేయమని డెస్కును అడగండి. ఇంటర్నెట్‌లోని పాత వార్త పైభాగాన, చదివేవారికి మొదటి వరుసలోనే కనబడేలా, తీర్పు తేదీ, కోర్టు పేరు, నిర్దోషిగా విడుదలైన సంగతి చేర్పించండి. అతని ఫొటో తీసేయించండి. సొంత ఊళ్లో సంబంధం కుదరక, పక్క రాష్ట్రంలో ఉద్యోగం దొరక్క తిరుగుతున్న మనిషికి ఆ రెండు వాక్యాలే ఆధారం. కాబట్టి అతను మళ్లీ అడిగేదాకా ఆగకుండా ఈ వారమే చేయించండి.